పేరు లేని నాచు, నిండిన రిజిస్టర్

జీవవైవిధ్య పరిరక్షణలో స్థానిక సంస్థల పాత్ర అనగానే మనమందరం ఒకటే జవాబు రాస్తాం: 2002 చట్టం, సెక్షన్ 41, జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు, చివర్లో లక్షల్లో ఒక అంకె. నేనూ అలాగే రాసేవాణ్ణి. ఇక రాయను మిత్రులారా.

చట్టం వచ్చింది 2002లో. రిజిస్టర్లకు జాతీయ హరిత ట్రిబ్యునల్ పెట్టిన గడువు 2020 జనవరి 31. దాటితే రాష్ట్రానికి నెలకు 10 లక్షల జరిమానా. జరిమానా భయంతో నింపిన పుస్తకాన్ని రికార్డు అందామా?

నాచునే తీసుకోండి. తెలుగులో చెరువు మీద తేలేదీ నాచే, వానకు గోడ మీద పట్టేదీ నాచే. మొదటిది శైవలం, రెండోది మాస్. ఇంటర్‌లో ఫ్యునేరియా బొమ్మ గీసి వదిలేశాం గానీ మన దేశంలో మాస్ రకాలు 1,600 పైచిలుకు. చాలావాటికి ఫోన్ ఫొటోతో పేరు తేలదు. ఆకు కణాల ఆకారం, ఈనె ఎక్కడిదాకా వెళ్లింది, గుళిక నోటి చుట్టూ పళ్ల వరుస ఎలా ఉంది, ఇవన్నీ మైక్రోస్కోప్ కింద చూడాలి.

పళని కొండల్లో జార్జ్ ఫొరో అనే జెసూట్ ఫాదర్ ఏళ్ల తరబడి నాచు ఏరాడు. ఆ కొండల మాస్ జాబితా 1961లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్‌లో వచ్చింది. ఏ జరిమానా గడువూ లేకుండానే.

పల్లెటూరి కమిటీకి మైక్రోస్కోప్ ఎక్కడిదని అడుగుతారు. అక్కర్లేదు. చిటికెడు నాచు ఆరబెట్టి కాగితం పొట్లంలో పెట్టి, ఏ చోట, ఏ ఎత్తున, బెరడు మీదా రాయి మీదా, ఏ తేదీన, ఎవరు తీశారో పైన రాస్తే చాలు. ఏళ్ల తర్వాత నీళ్లలో నానబెట్టినా ఆకు విచ్చుకుంటుంది. పూల మొక్కకు ఈ సుఖం లేదు, అదికి నొక్కి అట్టకు అంటించాలి. పేరు తెలిసినవాళ్లు తర్వాత రాస్తారు. నేను చదువుకుంటున్న పుదుచ్చేరిలోనే, సెయింట్ లూయిస్ వీధిలో, 1955లో పెట్టిన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో హెర్బేరియం ఉంది. అక్కడ పేరు మీద అనుమానం వస్తే నమూనా తీసి చూస్తారు. మన రిజిస్టర్‌లో పేరు మీద అనుమానం వస్తే ఏం తీసి చూడాలి?

రేపు మనలో ఎవరో యానాంలోనో పాడేరులోనో ఆ రిజిస్టర్ల మీద సంతకం పెడతారు. అందుకే మెయిన్స్‌లో ఆ అంకె రాశాక ఇంకో వాక్యం కలపండి: ప్రతి పేరుకూ ఒక నమూనా, దాని నంబరు, అది ఏ హెర్బేరియంలో ఉందో రిజిస్టర్‌లో ఒక గడి ఉండాలి. పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా ఉండనివ్వాలి, పొట్లం మాత్రం ఉండాలి.