గుంపు మధ్యలోనే పిలిచాడు

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ మనందరికీ తెలిసిందే. ఉన్నదంతా వైద్యులకు ధారపోసినా గుణం కనిపించలేదు. జనసమూహంలో వెనుకగా వచ్చి యేసుప్రభువు వస్త్రాన్ని ముట్టుకోగానే ఆమె స్వస్థత పొందింది. అక్కడితో నిశ్శబ్దంగా వెళ్లిపోవచ్చు. కాని ప్రభువు ఆగి, ముట్టినదెవరని అడిగి, అందరి ఎదుట ఆమె చెప్పుకున్నదంతా విని, 'కుమారీ' అని పిలిచాడు (మార్కు 5:25-34). జబ్బు నయమయ్యాక ఈ ఆలస్యం దేనికి? అవతల యాయీరు కూతురు చావుబతుకుల్లో ఉంది కూడా! ధర్మశాస్త్రం ప్రకారం అపవిత్రురాలిగా ఎంచబడి, అన్నేళ్లూ అందరికీ దూరంగా బతికిన మనిషి ఆమె. రక్తస్రావం ఆగినంత మాత్రాన ఆ దూరం పోదు. దూరం పెట్టిన జనం చెవుల్లోనే ఆ పిలుపు పడాలి.

సెమినరీ రోజుల నుంచీ ఈ భాగాన్ని ఎన్నోసార్లు బోధించాం. అయినా మన గుమ్మంలోకి అలాంటి మనిషి వచ్చినప్పుడు తప్పాం.

కొన్నేళ్ల క్రితం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ, జనం వాడుకలో హిజ్రా, మా ఆరాధనకు రావడం మొదలుపెట్టింది. స్త్రీల వైపు కూర్చుంటే పక్కవారు జరిగిపోయేవారు. సంఘ పెద్దలు ఇద్దరు ముగ్గురు గొణిగారు. గొడవెందుకని, 'అమ్మా, బుధవారం ప్రార్థనకు రా, అప్పుడు జనం తక్కువ' అన్నాం. సున్నితంగానే చెప్పామనుకున్నాం. ఒక బుధవారం వచ్చింది, ఆ తర్వాత రాలేదు. రెండేళ్లకు ప్రభుత్వాసుపత్రిలో క్షయతో, ఎముకల గూడులా కనిపించింది. హెచ్‌ఐవీ ఉన్న సంగతి అప్పుడే చెప్పింది. (ఆమె అనుమతితోనే, ఊరూ పేరూ లేకుండా రాస్తున్నాం.)

మందు దొరకక కాదు. మన దేశంలో ప్రభుత్వం 2004లోనే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. రోజూ వేసుకుంటే వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది, ఆ స్థితి నిలిచినంతకాలం లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు సోకదు. మానేస్తే మళ్లీ పెరిగి సీడీ4 కణాలను నాశనం చేస్తుంది. వేసుకుంటూ మానుతూ ఉంటే మందుకే లొంగని వైరస్ తయారుకావచ్చు.

మరి ఎందుకు మానేసింది? మందుల కేంద్రంలో కార్డు మీది మగపేరుతో గట్టిగా పిలిస్తే వరుసంతా తిరిగి చూసేదట. గదిలో తోటివారికి తెలుస్తుందని మాత్రలు పొట్లం కట్టి బియ్యం డబ్బాలో దాచేది. ఎవరైనా మేలుకుని ఉన్న రాత్రి మాత్ర లేదు. 'అయ్యగారూ, దాక్కుని దాక్కుని విసుగొచ్చింది' అంది. ఎప్పుడూ జంకుతూ బతికే ఒంట్లో కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు అదుపు తప్పుతాయి. నిద్ర పట్టదు, రక్తపోటు పెరుగుతుంది, రోగనిరోధక శక్తి మందగిస్తుంది. దిగులు ముదిరితే బతకాలన్న కోరికే సన్నగిల్లుతుంది. ఇక మాత్ర ఎవరికి గుర్తు?

ఇది పాపఫలమనేవారు మనలోనే ఉన్నారు. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో పెద్దల్లో వెయ్యికి ఇద్దరికి హెచ్‌ఐవీ ఉంటే, హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్లలో నూటికి దాదాపు నలుగురికి ఉంది. ఇంట్లోంచి గెంటి, పని ఇవ్వక, చాలామందిని భిక్షాటనకో లైంగిక వృత్తికో నెట్టిందెవరో కూడా ఆ లెక్కలో వేసుకోవాలి. సుప్రీంకోర్టు 2014లో వారి గుర్తింపును అంగీకరించింది. హెచ్‌ఐవీ ఉన్నవారిపై వివక్షను నిషేధించిన 2017 నాటి చట్టం 2018లో అమలుకు వచ్చింది. అయితే ఆరాధనలో బల్ల మీద పక్కకు జరిగేవారిని ఏ చట్టం ఆపగలదు?

అలాంటివారికి సమాజంలో ప్రవేశం లేదన్న పాత ఆజ్ఞ (ద్వితీయోపదేశకాండము 23:1) ఉన్నా, ఫిలిప్పు ఐతియొపీయుడైన నపుంసకుడి రథమెక్కి పక్కనే కూర్చున్నాడు, బాప్తిస్మమిచ్చాడు (అపొస్తలుల కార్యములు 8:26-39). బుధవారం రమ్మనలేదు.

ఆమె మళ్లీ మందు వాడుతోంది, కాస్త ఒళ్లు చేసింది. పోయిన నెల పెద్దలను కూర్చోబెట్టి, తప్పు మాదేనని ఒప్పుకున్నాం. ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు. ఆదివారం ఆరాధనకే రమ్మని ఆమెకు కబురు పంపాం. ఇంకా జవాబు రాలేదు.