పొరుగువాడు ఎవరు?

డిసెంబరు వచ్చిందంటే మా పాఠశాల ప్రార్థనా సమావేశంలో ఎవరో ఒకరు క్రిస్మస్ గురించి ప్రసంగిస్తారు. ప్రేమ, దయ, క్షమ అనే మాటలు వింటాం. చప్పట్లు కొడతాం. తరగతికి వెళ్లిపోతాం. ఈ ఏడాది మాత్రం ఆ మాటలు మమ్మల్ని వదల్లేదు. దానికి కారణం మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంఘటన.

జూలైలో త్రిపుర నుంచి ఒక అబ్బాయి మా తరగతిలో చేరాడు. వాళ్ల నాన్నగారికి ఇక్కడికి బదిలీ అయింది. మేమంతా విరామంలో తెలుగులోనే మాట్లాడుకుంటాం. అతనికి తెలుగు రాదు. మేము అతన్ని ఏడిపించలేదు, ఒక్క చెడ్డ మాట అనలేదు. అసలు పలకరించనే లేదు. రోజూ చివరి బెంచీలో ఒక్కడే కూర్చుని డబ్బా తెరిచి తినేవాడు. ఒకరోజు మధ్యాహ్నం అతనికి జ్వరం వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మాలో చాలామందిమి అతని పక్కనుంచే ఆటలకు వెళ్లిపోయాం. మా వరండా ఊడ్చే ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, అతన్ని లేపి లోపల పడుకోబెట్టింది. కొంగు తడిపి నుదురు తుడిచింది. తన కోసం తెచ్చుకున్న టీ అతనికి పోసింది. వాళ్ల నాన్నగారు వచ్చేదాకా పక్కనే ఉంది. ఆమెకు హిందీ రాదు, అతనికి తెలుగు రాదు. అయినా ఏ ఇబ్బందీ రాలేదు.

మరునాడు ఆమెను అడిగాం. "ఎవరి బిడ్డైతే ఏంది నాయనా, అట్టా వదిలేసి పోతామా?" అంది. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి ఆమె. అయినా మాకు ప్రసంగమేమీ చెప్పలేదు. మళ్లీ చీపురు అందుకుంది.

బైబిల్లో లూకా సువార్తలో మంచి సమరయుడి కథ ఉంది. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో దొంగలు ఒకతన్ని కొట్టి, దోచుకుని, కొన ఊపిరితో వదిలేస్తారు. ఒక యాజకుడు చూసి పక్కనుంచి వెళ్లిపోతాడు. ఒక లేవీయుడూ అంతే. యూదులకు, సమరయులకు పొసగని రోజులవి. అయినా ఒక సమరయుడే ఆగి గాయాలకు కట్టు కడతాడు. తన వాహనం మీద ఎక్కించుకుని సత్రానికి చేర్చి, ఖర్చులకు డబ్బు ఇచ్చి వెళతాడు. నా పొరుగువాడు ఎవరు అని అడిగిన ఒక పండితుడికి యేసు చెప్పిన కథ ఇది. చివర యేసు ఆ ప్రశ్ననే తిప్పి వేస్తాడు: ఈ ముగ్గురిలో పొరుగువాడైనది ఎవరు? అంటే పొరుగువాణ్ణి వెతకడం కాదు, మనమే పొరుగువాళ్లం కావాలి. ఆ కథలో యాజకుడూ లేవీయుడూ మేమేనని మాకు ఆలస్యంగా అర్థమైంది. వాళ్లూ ఎవరినీ కొట్టలేదు. పక్కనుంచి వెళ్లారంతే.

రాయవేలూరు పెద్దాసుపత్రి పేరు మన చిత్తూరు, నెల్లూరు జిల్లాల్లో తెలియని ఇల్లు తక్కువ. దాని పుట్టుక వెనకా ఇలాంటి ప్రశ్నే ఉంది. అమెరికా మిషనరీ కుటుంబంలో పుట్టిన ఐడా స్కడ్డర్‌కు యవ్వనంలో మన దేశంలో ఉండిపోవాలనే ఆలోచన లేదు. తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తరువాత ఒకరు ఆమె దగ్గరకు వచ్చారు. వారిలో ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం. తమ భార్యలు ప్రసవ వేదనలో ఉన్నారని, వచ్చి కాపాడమని వేడుకున్నారు. ఆమెకు వైద్యం తెలియదు. ఆమె తండ్రి డాక్టరే అయినా, మగ డాక్టరును రానివ్వడానికి వారు ఒప్పుకోలేదు. ఆ ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఐడా అమెరికా వెళ్లి డాక్టరై 1900లో తిరిగి వచ్చారు. వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టారు. 1918లో ఆడపిల్లల కోసం వైద్య పాఠశాల తెరిచారు. ఆ రాత్రి ఆమె తలుపు తట్టినవారి మతాలు వేరు. ఆమె జవాబు మాత్రం ఒక్కటే.

క్రైస్తవ విశ్వాసానికి గుర్తు మెడలోని సిలువ మాత్రమే కాదని, ఎదుటివాడి బాధ చూసి ఆగే కాళ్లు కూడానని మా అభిప్రాయం. మానవ సేవే మాధవ సేవ అని మన పెద్దలు చెప్పేదీ ఇదే. కాబట్టి దయ చూపడానికి ఫలానా మతంలోనే పుట్టనక్కరలేదు. పండగనాడు దుప్పట్లు పంచి ఫోటోలు దిగడం తప్పని మేము అనడం లేదు. కానీ దుప్పటి అందుకున్నవారి పేరైనా మనకు తెలుసా? ఇన్నేళ్లుగా మా వరండా ఊడుస్తున్న ఆయమ్మ పేరు కూడా మేము ఆ రోజే అడిగి తెలుసుకున్నాం. అందుకు సిగ్గుపడ్డాం.

ఇప్పుడు ఆ అబ్బాయి మా మధ్య కూర్చుని తింటున్నాడు. మాకు బెంగాలీలో పది మాటలు నేర్పాడు, మేము అతనికి తెలుగు నేర్పుతున్నాం. ఇది గొప్ప సేవేమీ కాదు. జూలైలోనే చేయాల్సిన పని. మిత్రులారా, మీ తరగతి చివరి బెంచీ వైపు ఒకసారి చూడండి. అక్కడ ఒంటరిగా ఎవరైనా ఉంటే, పక్కనుంచి వెళ్లిపోకండి.