పిల్ల భుజానికి తగ్గ రైఫిల్
మార్కాపురం పలకల ఊరు. పిల్లల చేతికి సరిపడేలా పలక కోసిచ్చిన ఈ పడమటి ప్రకాశంలో, రేపు గిద్దలూరు నుంచో కంభం నుంచో పన్నెండేళ్ల పిల్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటానంటే పెద్దవాళ్ల రైఫిల్ ఇవ్వకూడదు. 10 మీటర్ల పోటీలో రైఫిల్ బరువు 5.5 కిలోలు దాటరాదు. అది హద్దే గానీ, అంత బరువు ఉండితీరాలని కాదు. నిలబడి గంటకు పైగా గురిచూస్తే ఎదిగే నడుము మీదే భారమంతా పడుతుంది. అందుకే డబ్బు ముందుగా రైఫిల్ వెనుక భాగమైన స్టాక్ మీద పెట్టాలి: భుజానికి ఆనే బట్ ప్లేటు, చెంపకు ఆనే చీక్‌పీస్ జరుపుకునేలా ఉంటే పిల్ల ఎదిగేకొద్దీ కొలత మార్చుకోవచ్చు. గాలి సిలిండర్ ఉక్కుది కాక అల్యూమినియందైతే మేలు. బ్యారెల్ ముందు తగిలించే బరువులు తొలి ఏడాది వద్దే వద్దు. ముక్కు బరువెక్కితే కింద ఆనించిన చేయి వణుకుతుంది, గురిపెట్టాల్సిన పది పాయింట్ల చుక్క వెడల్పేమో అర మిల్లీమీటరే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల పోటీలోనే. మన బడులకు రైఫిళ్లు కొనేవాళ్లు దయచేసి కేటలాగ్ తెరిచేముందు పిల్లల చేయి, భుజం కొలవండి.