రేవు దాటిన రొయ్యకు తేలని సుంకం
అమెరికా కస్టమ్స్ పద్ధతిలో విడుదల ఒకనాడు, తుది లెక్క మరొకనాడు

భీమవరం: పశ్చిమ గోదావరి జిల్లా చెరువులలో పట్టిన వనామీ రొయ్యకు ధర పట్టుబడి నాడే తేలిపోతున్నది. కౌంటు చూసి, కిలోకు ఇంత అని కట్టి, మంచు వేసి లారీ ఎక్కించడంతో రైతు బేరం ముగుస్తుంది. అదే రొయ్య అమెరికా రేవులో దిగి, కస్టమ్స్ వారి అనుమతితో శీతల గిడ్డంగికి చేరి, అక్కడి వారి భోజనంలో కలిసిపోయిన తర్వాత కూడా దానిపై కట్టవలసిన సుంకం ఎంతో ఖాయం కాదు. చెరువు గట్టు మీద పలికే ధరకు, ఈ తేలని లెక్కకు సంబంధం ఉన్నది. రైతులలో దీనిపై చర్చ మాత్రం తక్కువ.

ముందు సరుకు, తర్వాత లెక్క

దిగుమతి అయిన ప్రతి సరుకునూ రేవులో నిలిపి, సుంకం పైసలతో సహా తేల్చి, వసూలైన మీదటనే వదలాలంటే రేవులు నిండిపోతాయి. పాడయ్యే సరుకు పాడైపోతుంది. అందుచేత అమెరికాలో ఈ పనిని రెండుగా విడగొట్టారు.

మొదటిది ఎంట్రీ. సరుకు ఏమిటి, ఎవరిది, ఏ దేశానిది అన్న వివరాలతో 3461 నంబరు ఫారం దాఖలు చేయాలి. అభ్యంతరం లేకపోతే సరుకును వదులుతారు. సరుకు చేరిన 15 రోజులలోగా ఇది జరగాలి. ఓడ రేవుకు రాకముందే దాఖలు చేయడం కూడా ఉన్నది. రెండవది ఎంట్రీ సమ్మరీ. ఇందుకు 7501 నంబరు ఫారం. సరుకు వర్గీకరణ, విలువ, సుంకం శాతం ఇందులో చూపి, అంచనా సుంకాన్ని జమకట్టాలి. దీనికి 10 పని దినాల గడువు ఇస్తారు. అంటే సరుకు ముందు బయటకు వస్తుంది, పూర్తి లెక్క వెనుక వస్తుంది.

ఎంట్రీ కూడా దాఖలు కాకముందే సరుకును వదిలే తక్షణ విడుదల పర్మిట్ ఒకటి ఉన్నది. 1930 నాటి సుంకాల చట్టం 448వ సెక్షను దీనికి ఆధారం. పొరుగున ఉన్న కెనడా, మెక్సికోల నుంచి వచ్చే సరుకు, అక్కడి తాజా పండ్లు, కూరగాయలు, ప్రదర్శనలకు తెచ్చే వస్తువులు వంటి కొన్నింటికే అది పరిమితం. ఓడలో వెళ్లే మన గడ్డకట్టిన రొయ్యకు పైన చెప్పిన రెండంచెల పద్ధతే వర్తిస్తుంది.

ఓడ ఎక్కకముందే వివరాలు

విడుదల త్వరగా జరుగుతున్నదంటే తనిఖీ లేదని కాదు. అమెరికా వెళ్లే ఓడలోకి కంటైనరు ఎక్కడానికి 24 గంటల ముందే వివరాలు పంపాలన్న నిబంధన 2009 నుంచి ఉన్నది. ఆహార పదార్థం కనుక అక్కడి ఆహార, ఔషధ శాఖకు వేరుగా ముందస్తు నోటీసు ఇవ్వాలి. ఓడ మార్గానికి ఆ నోటీసు కనీసం 8 గంటల ముందు అందాలి. రొయ్య ఎక్కడ పెరిగింది, ఎప్పుడు పట్టారు అన్న వివరాలు కూడా ఎంట్రీతో పాటు చూపాలని 2018 డిసెంబరు 31 నుంచి నియమం వచ్చింది. ఇక్కడి చెరువు వివరం అక్కడి కస్టమ్స్ కాగితంలోకి ఎక్కేది ఈ విధంగానే.

కస్టమ్స్ వారు వదిలిన సరుకును కూడా ఆహార శాఖ నమూనా తీసి పరీక్షించవచ్చు. నిషేధించిన యాంటీబయాటిక్ అవశేషం కనిపించి సరుకును తిరస్కరిస్తే 90 రోజులలో దానిని వెనక్కి పంపాలి, లేదా నాశనం చేయాలి. అప్పటికే గిడ్డంగి నుంచి కదిలిన సరుకునైనా తిరిగి అప్పగించవలసిందే. అప్పగించలేకపోతే సరుకు విలువకు మూడు రెట్ల వరకు బాండు కింద వసూలు చేసే వీలున్నది.

బాండే తాళం చెవి

సుంకం తేలకముందే సరుకును వదలడానికి కస్టమ్స్ వారికి ఉన్న ధైర్యం ఈ బాండే. దిగుమతిదారు చెల్లించకపోతే తాను చెల్లిస్తానని ఒక హామీ సంస్థ వ్రాసి ఇస్తుంది. ఏడాది పొడుగునా చెల్లే బాండుకు సాధారణ లెక్క గత సంవత్సరం కట్టిన సుంకాలు, రుసుములలో 10 శాతం. ఎంత తక్కువైనా 50 వేల డాలర్లు ఉండాలి.

ఈ బాండు బరువు మన రొయ్యపై ఎలా పడగలదో 2005 నాటి అనుభవం చెబుతున్నది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 1న భారత్‌తో సహా ఆరు దేశాల రొయ్యపై అమెరికా యాంటీ డంపింగ్ సుంకం విధించింది. విడిగా రేటు నిర్ణయం కాని భారత ఎగుమతిదారులకు అది 10.17 శాతం. అంతకుముందు చైనా క్రాఫిష్ మాంసం తెప్పించిన దిగుమతిదారులు కొందరు తుది సుంకం తేలేనాటికి చేతులెత్తేశారు. ఆ బాకీలు వసూలు కాలేదన్న కారణంతో కస్టమ్స్ వారు రొయ్యకు మాత్రం హెచ్చు బాండు కోరారు. రేటు ప్రకారం సుంకాన్ని నగదుగా కట్టడమే గాక, ఏడాది దిగుమతులపై అయ్యే ఆ సుంకం మొత్తానికి సమానమైన బాండు కూడా చూపాలన్నారు.

ఉదాహరణకు ఏడాదిలో కోటి డాలర్ల రొయ్య తెప్పించిన వ్యాపారి 10.17 లక్షల డాలర్ల సుంకం కట్టి, మరో 10.17 లక్షల డాలర్లకు బాండు ఇవ్వాలి. చిన్న ఎగుమతిదారుకు ఇది తలకు మించిన భారం. భారత ప్రభుత్వం 2006లో ఈ వివాదాన్ని ప్రపంచ వాణిజ్య సంస్థకు తీసుకువెళ్లింది. 2008లో తీర్పు భారత్‌కు, థాయ్‌లాండ్‌కు అనుకూలంగా వచ్చింది. 2009లో అమెరికా ఆ హెచ్చు బాండు నిబంధనను విరమించుకున్నది. సుంకం మాత్రం పోలేదు.

తుది లెక్కకు ఏళ్లు

సాధారణ సరుకు లెక్కను కస్టమ్స్ వారు ఏడాదిలోగా ముగించాలి. ఆ ముగింపుపై అభ్యంతరం ఉంటే దిగుమతిదారు 180 రోజులలో చెప్పుకోవచ్చు. యాంటీ డంపింగ్ సుంకం ఉన్న సరుకుకు అలా కాదు. దిగుమతి నాడు కట్టినది డిపాజిట్ మాత్రమే. అక్కడి వాణిజ్య శాఖ గడిచిన ఏడాది అమ్మకాలపై సమీక్ష జరిపి అసలు రేటు చెబుతుంది. అంతవరకు లెక్క మూయరు. ఈ తతంగానికి రెండేళ్లు పట్టడం కద్దు. అసలు రేటు హెచ్చితే తేడాను వడ్డీతో కట్టాలి. తగ్గితే వడ్డీతో వాపసు వస్తుంది. 2024 చివరలో ప్రభుత్వ రాయితీల పేరిట ప్రతిసుంకం కూడా తోడైంది. భారత ఎగుమతిదారులలో అధిక సంఖ్యాకులకు ఆనాడు నిర్ణయించిన రేటు 5.77 శాతం.

తేదీ ఎంత ముఖ్యమో 2025 ఆగస్టులో తెలిసివచ్చింది. ఆ నెల 7 నుంచి భారత సరుకుపై 25 శాతం, 27 నుంచి మరో 25 శాతం అదనపు సుంకం విధించారు. 27కు ముందే ఓడ ఎక్కి, సెప్టెంబరు 17కు ముందు ఎంట్రీ పొందిన సరుకుకు రెండవ విడత నుంచి మినహాయింపు ఇచ్చారు. మన తీరం నుంచి నెల పైబడి ప్రయాణం చేసే సరుకుకు మూడు వారాల గడువు ఏ మూలకు? రొయ్య పట్టిన తేదీ గాని, బేరం కుదిరిన తేదీ గాని లెక్కకు రాలేదు.

తగ్గింపు వస్తుంది, వాపసు రాదు

సుంకం ఇంకా పెరగవచ్చునన్న భయం ఉన్నపుడు వ్యాపారి ఆ మేరకు ముందే చెరువు ధరలో కోసుకుంటాడు. వ్యాపార దృష్టితో అది సహజమే. కొందరు ఎగుమతిదారులు అమెరికాలో తామే దిగుమతిదారులుగా నిలిచి సుంకం కడుతున్నారు కనుక ఆ నష్టభయం నేరుగా వారిదే. కాని సమీక్షలో రేటు తగ్గి సొమ్ము వాపసు వచ్చినపుడు అది కాగితాల మీద దిగుమతిదారుగా ఉన్న వారికే చేరుతుంది. రెండేళ్ల క్రితం తక్కువ ధరకు అమ్ముకున్న రైతు పేరు ఆ కాగితాలలో ఎక్కడా ఉండదు. చెరువు వివరం ఎంట్రీకి కావలసి వచ్చింది గాని వాపసుకు కావలసి రాలేదు.

రైతు చేయగలిగినది కొంత ఉన్నది. సుంకం సాకుతో ధర తగ్గించినపుడు ఏ సుంకం, ఎంత శాతం, ఏ తేదీ నుంచి అని సంఘాల ద్వారా అడగవచ్చు. ఆ శాతాలు రహస్యమేమీ కాదు, అమెరికా ప్రభుత్వమే ప్రకటిస్తుంది. అక్కడ రేటు తగ్గినపుడు ఇక్కడ ధర ఎందుకు పెరగలేదని కూడా అంతే గట్టిగా అడగాలి. పిల్ల వేసిన నాటి నుంచి పట్టుబడి వరకు మేత, మందుల లెక్కను పుస్తకంలో ఉంచుకోవడం అవసరం. సరుకు వెనక్కి వచ్చిననాడు తప్పు ఏ చెరువుదో తేల్చేది ఆ పుస్తకమే. ధరలపై జరిగే సమావేశాలలో కిలో ధరతో పాటు, వాపసు వచ్చే సుంకంలో రైతు వాటా ప్రస్తావనకు రావాలి. ఇంతవరకు నష్టభయం పంపకమైనంత సులువుగా ఆ లాభం పంపకం కాలేదు.