తెచ్చుకున్న జుట్టుకు ఇంత వేడి ఎందుకు?

కేశసంరక్షణను గురించి మన పెద్దలు చెప్పిన మాటలన్నీ తలపై పెరిగే జుట్టును ఉద్దేశించినవే. ఇప్పుడు మధ్యతరగతి ఇళ్లలో మరొక విధమైన జుట్టు చేరినది. అదే లేసు విగ్గు. పూర్వం మన స్త్రీలు జడ నిండుగా కనిపించుటకు సవరం పెట్టుకొనేవారు. దానిని ఎవరూ తప్పుపట్టలేదు. నేడు జుట్టు పలుచబడినవారు, పేనుకొరుకుడుతో బాధపడేవారు, క్యాన్సరు చికిత్సలో జుట్టు రాలినవారు లేసు విగ్గు ధరిస్తున్నారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. నా అభ్యంతరం విగ్గు మీద కాదు, దానిపై ప్రయోగిస్తున్న వేడి మీద. వేల రూపాయలు పోసి కొన్న వస్తువును కాలే పలకల మధ్య పదే పదే నొక్కి, కొద్ది నెలలలోనే కొబ్బరిపీచు వలె చేసుకొనుట నాకు బొత్తిగా అనవసరమైన నష్టంగా తోస్తున్నది.

వేరు లేని జుట్టు

ఆయుర్వేదం శిరోజాలను అస్థిధాతువు యొక్క మలంగా పేర్కొన్నది. అనగా మనం తిన్న ఆహారం ధాతువులుగా పరిణమించే క్రమంలోనే వెంట్రుక పుట్టి పెరుగుతుంది. తలపై ఉన్న వెంట్రుక కొస చిట్లినా, కుదురు నుండి కొత్త వెంట్రుక వస్తూనే ఉంటుంది. తలచర్మంలోని గ్రంథుల నుండి సహజమైన జిడ్డు దానికి అందుతుంది. విగ్గులోని వెంట్రుకకు ఈ రెండు భాగ్యాలూ లేవు. దానికి కలిగిన హాని తిరిగి పూడదు.

వాగ్భటుడు అష్టాంగహృదయంలో స్నానవిధిని చెబుతూ, వేడినీరు మెడకు దిగువ భాగానికి బలమిస్తుందనీ, అదే నీరు తలపై పోసుకొంటే జుట్టుకు, కన్నులకు బలం తగ్గుతుందనీ హెచ్చరించినాడు. వేరు ఉన్న జుట్టుకు వేడినీరే ఎక్కువని తలచిన శాస్త్రం మనది. వేరు లేని జుట్టుకు 200 డిగ్రీల ఇనుప పలకలు తగునా అని గృహిణులు ఆలోచించవలెను.

ఆధునిక విజ్ఞానం కూడా ఈ మాటకు విరుద్ధం కాదు. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినది. పొడిగా కనిపించే వెంట్రుకలో సైతం దాని బరువులో పదో వంతుకు పైగా నీరు ఉంటుంది. తడి ఆరని వెంట్రుకను కాలిన పలకల మధ్య నొక్కితే, లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరియై బుడగలు కడుతుంది. వెంట్రుక ఆ చోటనే విరుగుతుంది. 180 డిగ్రీలు దాటిన కొద్దీ హాని వేగంగా పెరుగుతుంది. పైగా విగ్గులోని జుట్టు చాలావరకు రంగు తీసి, మళ్లీ రంగు వేసి తయారుచేసినది. అప్పటికే బలహీనమైన దానిని మరింత కాల్చుట వివేకం కాదు.

మన తీరంలో ఆ సొగసు నిలవదు

ఇక్కడ నెల్లూరు తీరవాసులు ప్రత్యేకంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. వేడి వెంట్రుకలోని కొన్ని బలహీనమైన బంధాలను విడదీస్తుంది. చల్లారినప్పుడు అవి కొత్త ఆకారంలో కూడుకొంటాయి. గాలిలోని తేమ తగలగానే అవే బంధాలు మళ్లీ వదులవుతాయి. మైపాడు, కృష్ణపట్నం, ఇసకపల్లి వంటి సముద్రతీర గ్రామాలలో తేమకు కొదవ లేదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు సరేసరి. ఉదయం సాపుగా తీర్చిన విగ్గు ముహూర్తం వేళకు ఉబ్బిపోతుంది. అప్పుడు దానిని మళ్లీ కాలుస్తారు, సాయంత్రం విందుకు ఇంకొకసారి. ఈ పలకలూ, వాటిని ఉపయోగించే పద్ధతులూ పొడిగాలి గల దేశాలలో కొంత నప్పవచ్చును. మన ఉప్పుగాలిలో మాత్రం అవి లాభం లేని శ్రమ.

దీనికి బదులు మన ఇళ్లలోని పాత పద్ధతినే సూచిస్తాను. విగ్గును కడిగి, పిండకుండా తువ్వాలులో అద్ది, తల పరిమాణం గల గిన్నెను బోర్లించి దానిపై పెట్టి నీడలో ఆరనివ్వవలెను. కొద్దిపాటి చెమ్మ మిగిలినప్పుడు వదులుగా నాలుగైదు జడలు అల్లి, మరునాడు విప్పితే చక్కని అలలు వస్తాయి. సాపుగా కావలెనంటే వెడల్పాటి పళ్ల దువ్వెనతో కొసల నుండి పైకి చిక్కు తీసి, వ్రేలాడదీసి ఆరబెట్టవలెను. ఈ ఆకారం కూడా తేమకు సడలుతుంది, నిజమే. కానీ మళ్లీ అల్లినందువలన వెంట్రుకకు నష్టం లేదు.

అసలు జుట్టు, కృత్రిమ పోగు

మన పొరుగున ఉన్న తిరుమలలో భక్తులు కల్యాణకట్ట వద్ద సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం ద్వారా అమ్ముతుంది. కుదురు ఒకవైపు, కొస మరొకవైపు చెదరకుండా కట్టలు కట్టిన ఇటువంటి జుట్టుకే విగ్గుల వ్యాపారంలో విలువ ఎక్కువ. వీధులలో స్టీలు గిన్నెలు, పిన్నీసులు ఇచ్చి సేకరించే రాలుజుట్టు వేరు. అందులో కుదుళ్లు, కొసలు కలిసిపోయి ఉంటాయి కనుక, చిక్కుపడకుండా ఆమ్లంతో పైపొర తీసి, సిలికాన్ పూత పూస్తారు. ఆ పూత కొన్ని ఉతుకులకే పోతుంది. ఇక చవకగా దొరికే విగ్గులలో పెక్కు అసలు జుట్టే కావు, ప్లాస్టిక్ జాతి పోగులు.

తేడా తెలుసుకొనుటకు, వెనుక భాగం నుండి ఒకే వెంట్రుక తీసి, విగ్గుకు దూరంగా స్టీలు పళ్లెంలో కాల్చి చూడవచ్చును. అసలు జుట్టయితే కమురు వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. కృత్రిమమైతే కరిగి గట్టి పూస కడుతుంది. సామాన్యమైన కృత్రిమ పోగుకు వేడి పలకలు పూర్తిగా నిషిద్ధం. వేడికి తట్టుకొంటుందని అమ్మేదానికైనా తయారీదారు చెప్పిన డిగ్రీలు దాటరాదు. ఇటువంటి విగ్గు ధరించి గ్యాసు పొయ్యి మీదికి వంగుట, హారతి పళ్లెంపై తల వంచుట ప్రమాదకరం. తలంటి తరువాత సాంబ్రాణి ధూపం వేసే మన ఆచారం సొంత జుట్టుకే పరిమితం. విగ్గును నిప్పుల దగ్గరకు తేరాదు.

అసలు జుట్టుతో చేసిన విగ్గుకు ఎప్పుడైనా వేడి తప్పనిసరి అయితే ఈ నియమాలు పాటించవలెను. జుట్టు పూర్తిగా ఆరి ఉండవలెను. వేడి నుండి కాపాడే ద్రవం పలుచగా చిలకరించి, అది కూడా ఆరనివ్వవలెను. 120 నుండి 150 డిగ్రీల లోపు, సన్నని పాయకు ఒక్కసారి మాత్రమే పలక నడపవలెను. తలపై ఉండగా కాక, స్టాండుపై ఉంచి చేయవలెను. లేసుకు కనీసం బొటనవ్రేలి వెడల్పు దూరం ఉండవలెను. ఆ వల నైలాన్ లేదా పాలియెస్టరుతో అల్లినది, వేడికి ముడుచుకొని కరుగుతుంది.

నూనె తలకే, విగ్గుకు కాదు

మన పాఠకులు సహజంగా చేసే పని విగ్గుకు కొబ్బరినూనె రాయుట. లేసు విగ్గులో ఒక్కొక్క వెంట్రుకను చేతితో వలకు ముడివేస్తారు. నూనె తగిలితే ఆ ముడులు జారి వెంట్రుకలు ఊడుతాయి. శీకాయ పొడి వల కన్నాలలో చిక్కుకొంటుంది. దానిని వదిలించుటకు రుద్దితే లేసు చిరుగుతుంది. కనుక విగ్గుకు గాఢత తక్కువ గల షాంపూ, చన్నీరు చాలును. ఇంటి వైద్యాన్ని గౌరవించే పత్రికలో ఈ మాట చెప్పుటకు నేను సంకోచించను. గృహౌషధాలు జీవమున్న దేహానికి ఉద్దేశించినవి.

వాటికి తగిన చోటు విగ్గు కింద ఉన్న తల. దేహోష్ణం వాతాదులతో కలిసి కేశభూమిని దహించినప్పుడు బట్టతల వస్తుందని చరకుని మతం. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో రోజంతా జిగురుతో బిగించిన విగ్గు తలచర్మానికి ఊపిరాడనివ్వదు. రాత్రి తప్పక తీసివేయవలెను. వారానికి ఒకటి రెండుసార్లు విగ్గు పెట్టని రోజున గోరువెచ్చని నువ్వులనూనెతో శిరోభ్యంగం చేసి, కుంకుడురసంతో తలంటుకొనవచ్చును. కొత్త జిగురును ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి, ఒకటి రెండు రోజులు వేచి చూడవలెను. క్యాన్సరు చికిత్స పొందుతున్నవారు మాత్రం తలకు నూనె గాని, ఉల్లిరసం గాని, జిగురు గాని వైద్యుని అడగకుండా రాయరాదు. వారి జుట్టు చికిత్స ముగిసిన కొన్ని నెలలకు సాధారణంగా తిరిగి మొలుస్తుంది.

చివరగా విక్రేతలకు ఒక మాట. జుట్టు ఏ రకమో, లేసు దేనితో చేసినదో, ఎన్ని డిగ్రీల వరకు తాళగలదో పెట్టెపై తెలుగులో ముద్రించుట వారి ధర్మం. అది లేని విగ్గును కొనకుండుట మన హక్కు. ఎవరో ఒక తల్లి మొక్కుగా సమర్పించిన జుట్టు మరొక తల్లి తలపై గౌరవంగా నిలువవలెను కాని, కాలే పలకల మధ్య కమిలిపోరాదు.