కంప్యూటర్‌కు పని కన్నా వేడే ముప్పు

ఎక్కువ వాడితే కంప్యూటర్ త్వరగా పాడవుతుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. అందుకే కొన్ని బడుల్లో కంప్యూటర్లు గుడ్డ కప్పుకుని, తాళం వేసిన గదిలో ఉండిపోతాయి. పిల్లలు రోజంతా వాడితే చెడిపోతాయని పెద్దల భయం. ఈ జాగ్రత్త వల్ల యంత్రానికి కలిగే మేలు చాలా తక్కువ, పిల్లలకు జరిగే నష్టం చాలా ఎక్కువ అని నా అభిప్రాయం.

సైకిల్ చెయిన్ తిరిగేకొద్దీ అరుగుతుంది. ప్రాసెసర్‌లో అలా కదిలే భాగాలు లేవు. అలాగని దానికి అసలు అరుగుదలే లేదనలేం. చిప్ లోపలి అతి సన్నని తీగల్లో కరెంటు పారేటప్పుడు, ఎలక్ట్రాన్ల తాకిడికి లోహపు పరమాణువులు కొద్దికొద్దిగా చోటు మారతాయి. దీన్ని ఎలక్ట్రోమైగ్రేషన్ అంటారు. 1960ల చివర్లో జేమ్స్ బ్లాక్ ఇచ్చిన సూత్రం ప్రకారం, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆ తీగల ఆయుష్షు వేగంగా పడిపోతుంది. పవర్ సప్లైలోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లదీ ఇదే తీరు. వాటి వేడి 10 డిగ్రీల సెల్సియస్ తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు.

హార్డ్ డిస్కుల్లో తిరిగే భాగాలున్నాయి కదా అనవచ్చు. గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఎక్కువ వాడకానికీ చెడిపోవడానికీ మధ్య సంబంధం అనుకున్నంత బలంగా లేదని తేలింది. బాగా కొత్తవి, బాగా పాతవి అయిన డిస్కుల్లోనే ఆ ప్రభావం కనిపించింది. డేటా సెంటర్లలో ఉండే ఓ మోస్తరు వేడి కూడా వాటికి పెద్దగా హాని చేయలేదు.

వాడకంతో నిజంగా అరిగేది ఎస్‌ఎస్‌డి. అందులో డేటా రాసిన ప్రతిసారీ మెమరీ కణాలు కొంత బలహీనపడతాయి. అయినా 600 టెరాబైట్ల రాతకు హామీ ఉన్న ఎస్‌ఎస్‌డిపై రోజుకు 50 గిగాబైట్లు రాసినా, ఆ హద్దు చేరడానికి 30 ఏళ్లు దాటుతుంది.

మన ఊళ్లలో అసలు శత్రువులు వేరు. వేసవిలో 40 డిగ్రీలు దాటే గది, ఫ్యాన్‌లో పేరుకున్న దుమ్ము, ఎగసిపడే వోల్టేజి. దుమ్ము గాలిని అడ్డుకుంటే ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దాన్ని చూసి "వాడి వాడి ముసలిదైంది" అనుకుంటాం. చాలాసార్లు దానికి కావలసింది శుభ్రత, కొత్త థర్మల్ పేస్ట్, మహా అయితే ఒక ఫ్యాన్.

మూలన పెట్టిన యంత్రం కూడా ముసలిదవుతుంది. మదర్‌బోర్డుపై ఉన్న చిన్న బ్యాటరీ ఖాళీ అవుతుంది. సాఫ్ట్‌వేర్‌కు కాలం చెల్లుతుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటిదాకా తాళం వేసి ఉంచిన కంప్యూటర్‌కు అదనంగా ఒక్క రోజు గడువు కూడా రాలేదు.

కాబట్టి కంప్యూటర్లు కొనేటప్పుడే యూపీఎస్‌కూ, ఏటా శుభ్రం చేయించడానికీ కొంత సొమ్ము కేటాయించాలి. గదిలో గాలి ఆడేలా చూడాలి. ఆపైన పిల్లలను రోజంతా వాడుకోనివ్వాలి. అలా పని చేసి అయిదారేళ్లకు మూలపడ్డ కంప్యూటర్, పదేళ్లు కొత్తగా కనిపించిన కంప్యూటర్ కన్నా ఎక్కువ మందికి చదువు చెప్పి ఉంటుంది.