బూడిద కొండ మీద డబ్బా ఎందుకు?

అమెరికాలోని మౌంట్ సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం ఎక్కేవాళ్లకు మొదట అడవి దారి. తర్వాత బండరాళ్లు, చేతులూ మోకాళ్లూ ఆనించి పాకాలి. ఆఖరి వెయ్యి అడుగులు వదులు బూడిద. అడుగు పైకేస్తే సగం కిందికి జారుతుంది. సుమారు 4,500 అడుగులు ఎక్కి అంచు చేరాక ఎదురుగా కనిపించేది కొండ కొన కాదు, పెద్ద గొయ్యి.

1980 మే 18 ఉదయం 8.32కి భూమి కంపించి ఉత్తరపు వైపంతా కూలిపోయింది. శిఖరం దాదాపు 1,300 అడుగులు తగ్గింది. 57 మంది చనిపోయారు. రెండేళ్ల తర్వాత అమెరికా కాంగ్రెస్ అక్కడ 1,10,000 ఎకరాలు ప్రత్యేకించింది. మనిషి జోక్యం లేకుండా నేల తనంతట తాను ఎలా కోలుకుంటుందో చూడాలన్నది ఉద్దేశం.

ఇలాంటి శిఖరాలంటే జియోక్యాషింగ్ ఆడేవాళ్లకు మహా మోజు. ఒకరు డబ్బా దాస్తారు, ఇంకొకరు జీపీఎస్ పట్టుకుని వెతుకుతారు. ఈ ఆటకు దారి తెరిచింది ఓ ప్రభుత్వ నిర్ణయం. పౌరులకు అందే జీపీఎస్ సంకేతాల్ని అమెరికా కావాలనే చెడగొడుతుండేది, వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. 2000 మే మొదట్లో అధ్యక్షుడు క్లింటన్ దాన్ని ఆపించారు. మే 3న డేవ్ ఉల్మర్ ఆరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్ దాచి, అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. అందులో లాగ్‌బుక్కు, పుస్తకాలు, బీన్స్ డబ్బా. ఏదైనా తీసుకుంటే బదులుగా ఇంకేదైనా పెట్టాలి. ముక్కూమొహం తెలియని మనుషుల మధ్య ఇంత చక్కని నమ్మకం అరుదు.

అయినా అగ్నిపర్వతం మీద డబ్బా వద్దు. జీపీఎస్ మనిషిని కొన్ని మీటర్ల దగ్గరకు చేర్చి వదిలేస్తుంది. అక్కడి నుంచి వెతుకులాట చేతులది, కాళ్లది. రాళ్లు తిరగేస్తారు, పొదలు తొక్కుతారు. సెయింట్ హెలెన్స్ బూడిద మైదానంలో మొట్టమొదట వేరూనిన మొక్కల్లో లూపిన్ ఒకటి. అది అంగుళం అంగుళం తిరిగి గెలుచుకున్న నేలమీద దాగుడుమూతలు ఆడటం తగదు.

దీనికి మందు ఆ ఆటలోనే ఉంది: ఎర్త్‌క్యాష్. మొదటిది 2004లో ఆస్ట్రేలియా తీరాన మొదలైంది. డబ్బా ఉండదు. ఇచ్చిన చోటికి నడిచి వెళ్లి, రాయిని చూసి, ప్రశ్నలకు జవాబు రాయాలి. ఈ పొర ఎంత మందం? ఈ రాయికి ఇన్ని రంధ్రాలు ఎందుకు? చెమటోడ్చి ఎక్కినవాళ్లు కొండనే చదివి దిగుతారు. డబ్బా కోసం వెళ్లినవాళ్లకు చాలాసార్లు డబ్బాయే గుర్తుంటుంది.

తెలుగువాళ్లు లావా చూడటానికి అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు. రాజమహేంద్రవరం పక్కన కాతేరులో, గోదావరి అవతల పంగిడి దగ్గర, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా నల్లరాయై ఉంది. దాన్ని కంకర కోసం తవ్వుకుంటున్నారు. రెండు లావా పొరల నడుమ సున్నపురాయి, అందులో సముద్రపు గవ్వల శిలాజాలు! క్వారీలు వాటిని పూర్తిగా మింగేయకముందే అక్కడ ఒక ఎర్త్‌క్యాష్ పెట్టించాలి. కాలేజీ భూగర్భ శాస్త్ర విభాగాలు పూనుకుంటే చాలు. మొదటి ప్రశ్న సులువే: మొదటి లావా చల్లారాక, రెండోది వచ్చేలోపు ఇక్కడ ఏముండేది?